పేరాలో ఉన్నదే జవాబు

ఆలేరు,
జులై 11

శైలూ,

బాగున్నావా అని అడగడం, బాగున్నానని నువ్వు రాయడం ఎప్పుడూ ఉండేదే. నేరుగా పనిలోకి వస్తున్నాను. మాకు సూపర్‌వైజర్ పరీక్ష పడింది. జనవరిలో. అంగన్‌వాడీ టీచర్లమే రాయాలి, యాభై దాటితే రాయనివ్వరు. వచ్చే వేసవికి నాకు యాభై నిండుతాయి. అంటే నాకిది మొదటి పరీక్ష, ఆఖరి పరీక్ష కూడా. నిన్నమొన్న చదువు ముగించిన అమ్మాయిలు సూపర్‌వైజర్లై జీపు దిగి, నా రిజిస్టర్లు తిరగేసి, "పుష్పమ్మా, గీ పిల్ల బరువు తక్కువుంది, జర చూసుకో" అంటారు. ఆ పిల్ల తల్లిని కూడా ఇదే తక్కెడలో తూచినదాన్నమ్మా అని చెప్పాలనిపిస్తుంది. ఒక్కసారైనా ఆ జీపు ముందు సీట్లో నేను కూర్చోవాలి. నీ దగ్గర దాచేదేముంది, ఆశ.

మిగతావన్నీ చదువుకోగలను. ఇంగ్లీషు దగ్గరే చిక్కు. ఒక పేరా ఇస్తారు, కింద ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు. అందులో సరైనది గుర్తు పెట్టాలి. బస్టాండు దగ్గర దుకాణంలో పుస్తకం కొన్నాను. మొదటి పేరా మంచులో గుడ్లు పెట్టే పక్షి గురించి. రెండోది లండన్‌లో గొడుగు పోగొట్టుకున్న ముసలాయన గురించి. అది సగం చదివి, అర్థం కాక వదిలేశాను. మీ అమ్మ మాత్రం "గా ముసలాయన గొడుగు దొరికిందానే?" అని పొద్దున్నే అడుగుతోంది.

మీ అన్న పరశురాములు మందను తోలుకుని చెలకల మీద తిరుగుతున్నాడు. ఇంట్లో అత్తా నేనూ, ఆ పుస్తకమూ.

ఫోన్ చేస్తే అడవిలో సిగ్నల్ లేదంటుంది. పోయినేడు దవాఖాన నుంచి వెళ్లాక నువ్వు మళ్లీ మా గడప తొక్కలేదు. ఎందుకని అడగను. ఇంగ్లీషు మాత్రం అడుగుతాను. నీకు జడలేసి బడికి పంపినదాన్ని నేను. పదేళ్లుగా ఇంగ్లీషు చెప్తున్న ఆడబిడ్డ ఉండి వదిన ఫెయిలైతే చిన్నతనం నీకే.

నీ వదిన
పుష్పమ్మ


అమ్రాబాద్,
జులై 24

వదినా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులకు గట్టిగా నవ్వాను. స్టాఫ్ రూంలో అందరూ తిరిగి చూశారు. తప్పకుండా నేర్పిస్తాను. దుకాణం పుస్తకం పక్కన పెట్టు. పక్షులూ గొడుగులూ తర్వాత. నీకు తెలిసిన మనుషులతో పేరాలు నేనే ఇంగ్లీషులో రాసి పంపుతాను. నువ్వు చదివి గుర్తులు పెట్టి, ఎందుకు పెట్టావో తెలుగులో రాయి. ఫోన్లు వద్దు. పరీక్ష కాగితం మీద కాబట్టి చదువూ కాగితం మీదే.

ఒకే ఒక సూత్రం. పేరాలో ఉన్నదే జవాబు. నీకు తెలిసింది కాదు, లోకంలో ఉన్నది కాదు. పేరాలో లేకపోతే అది లేనట్టే.

ఇంకో షరతు. అడగను అన్నావు కదా, ఆ మాట మీదే ఉండు. రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ మూడో నెలకే ఊరందరికీ తెలిసింది, పోయాక ఊరంతా వచ్చి మంచం చుట్టూ కూర్చుంది. "ఫికర్ చెయ్యకు బిడ్డా" అని ఒకరు, "ఏం ఎత్తినవే, ఏం తిన్నవే" అని ఒకరు. నొప్పి కంటే ఆ పలకరింపులకే ఎక్కువ జడిశాను. అందుకే రాకేష్‌ను షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి వదిలి, నేను ఇటు అడవిలోని హాస్టల్ బడికి బదిలీ అడుక్కుని వచ్చాను. ఆదివారాలు ఆయనే వస్తాడు. ఆ సంగతి మన ఉత్తరాల్లోకి రానివ్వకు.

మొదటి పేరా జతచేశాను. గుర్వయ్య అనే గొర్రెలకాపరి ఒక రైతు చేనులో రాత్రిళ్లు మంద కడతాడు. రైతు అతనికి జొన్నలిస్తాడు. చేను పండుతుంది. అంతే, చిన్నది.

శైలజ


ఆలేరు,
ఆగస్టు 6

శైలూ,

పేరా రెండు రోజులు చదివాను. మాటలన్నీ అర్థమయ్యాయి, ఇంత సులువా అనుకున్నాను. జవాబులు చూడు.

రైతు జొన్నలు ఎందుకిచ్చాడు? ఏ, జాలిపడి. బీ, చుట్టం కాబట్టి. సీ, మంద ఎరువు కోసం. డీ, కుక్కకు భయపడి. నేను బీ పెట్టాను. నువ్వు సీ అంటావని తెలుసు. కానీ మంద కట్టకముందే జొన్నలిచ్చాడని నువ్వే రాశావు. ముందే కొలిచి ఇచ్చే రైతును నేనింతవరకు చూడలేదు. మీ అన్నను అడుగు, చేను తొక్కించుకుని రేపు రా అనేవాళ్లే. అత్తకు చదివి చెబితే ఆమె కూడా "అల్లుడే అయ్యుంటడు, లేకుంటే గట్ల ముందుగాల ఇయ్యడు" అన్నది.

గుర్వయ్య పొద్దున్నే ఎందుకు వెళ్లిపోయాడు? నీళ్ల కోసమని పేరాలో ఉంది. నేను "గొడవ జరిగింది" అన్నదానికి పెట్టాను. పొద్దున్నే పోయేవాడు చెప్పేదొకటి, కారణమొకటి.

ఎన్ని మార్కులు?

పుష్పమ్మ


అమ్రాబాద్,
ఆగస్టు 20

వదినా,

సున్నా. అమ్మకు కూడా సున్నా.

నీ కష్టం ఎక్కడో నాకు తెలుసు. సెంటర్‌లో ఒక తల్లి "తినిపిచ్చిన" అంటే నువ్వు ఆమె మాట వినవు, పిల్ల దవడ చూస్తావు. చేయి పట్టుకుని మణికట్టు చూస్తావు. అట్లా చూసే ఎందరో పిల్లలను బతికించావు. కానీ పరీక్షలో దవడ ఉండదు. తల్లి "తినిపించాను" అంటే తినిపించినట్టే. నీ అనుమానాన్ని పరీక్ష హాలు బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళ్లాలి.

నాకిక్కడ అంతా బాగానే ఉంది. వంటమ్మ బిక్షమ్మ వండే గుడ్లకూర వాసనే ఈ మధ్య పడటం లేదు. ఊరగాయ వేసుకుని తింటున్నాను. కొంచెం జ్వరం వచ్చి వారం సెలవు పెట్టాను, తగ్గింది.

ఇంకో పేరా పంపుతున్నాను. దీంట్లో చుట్టాలెవరూ లేరని అమ్మకు చెప్పు.

శైలజ


ఆలేరు,
సెప్టెంబరు 28

శైలూ,

నీ తిట్టు పనిచేసింది. పోయిన పేరాకు పదికి ఎనిమిది, ఆ తర్వాతి పేరాకు తొమ్మిది అని నువ్వే వేసి పంపావు. ఈసారి అత్తకు చదివి చెప్పలేదు, అందుకే వచ్చాయి.

సూత్రం నాలో ఎంత దిగిందో చెబుతాను, నవ్వుకో. మొన్న పూజ అనే అమ్మాయి పిల్లను తెచ్చి "మంచిగ తింటాంది అక్కా" అంటే, సరేనమ్మా అని రాసుకుని పంపేశాను. ఇల్లు చేరాక గుర్తొచ్చింది, పిల్ల చేయి చూడనేలేదు. మళ్లీ వాళ్లింటికి నడిచి పోయి చూసి వచ్చాను. పరీక్ష కోసం ఒక మనిషిగా, సెంటర్ కోసం ఇంకో మనిషిగా ఉండాలంటే ఈ వయసులో కష్టమే.

జ్వరం తగ్గిందన్నావు, తగ్గినట్టే అనుకున్నాను. చూశావా, ఎంత మంచి విద్యార్థినో. మార్కులు వేసి పంపిన ఉత్తరం పెన్సిల్‌తో రాశావేంటి? మీ బడిలో పెన్నులకు కరువొచ్చిందా? పిల్లలను ఎర్ర పెన్నుతో భయపెట్టే మనిషివి.

మీ అన్న వచ్చి నాలుగు రోజులుండి వెళ్లాడు. "శైలు ఏమంటాంది?" అని అడిగాడు. ఇంగ్లీషు తప్ప ఏమీ అనడం లేదని చెప్పాను.

పుష్పమ్మ


అమ్రాబాద్,
అక్టోబరు 10

వదినా,

ఇది చిన్న పేరా, కానీ జాగ్రత్తగా చదువు. ఒకామె ఇంటి వెనక సొరపాదు పెడుతుంది. తీగ పందిరెక్కుతుంది. పిందె పడుతుంది. ఆమె ఒక పెద్ద ఆకు తెంపి ఆ పిందె మీద కప్పుతుంది. రోజూ పొద్దున పోయి ఆకు ఎత్తి చూసి, మళ్లీ కప్పుతుంది. ఎవరితోనూ ఏమీ చెప్పదు.

ప్రశ్న: ఆమె పిందె మీద ఆకు ఎందుకు కప్పింది? ఏ, ఎండ తగలకుండా. బీ, కోతులు తెంపకుండా. సీ, ఎవరి కంటా పడకుండా. డీ, పేరాను బట్టి చెప్పలేం.

పెన్సిల్ సంగతి ఏమీ లేదు. పెన్ను సరిగ్గా రాయడం లేదు.

శైలజ


ఆలేరు,
అక్టోబరు 22

శైలూ,

డీ!

నువ్వు నాకు వల పన్నావని చూడగానే తెలిసింది. సొరపిందెకు వేలు చూపిస్తే రాలిపోతుందని మన ఊళ్లో చిన్న పిల్లకు కూడా తెలుసు. నీ చిన్నప్పుడు పెరట్లో "వదినా, గదిగో పిందె" అని వేలు చాపితే, నీ వేలు మడిచి నోట్లో పెట్టి కొరికించింది ఎవరు? నేనే. చేయి సీ మీదికి పోతూ ఉంటే గట్టిగా ఆపుకున్నాను. వేలు చూపుతారని పేరాలో ఎక్కడా లేదు. ఎవరికో భయపడిందని లేదు. ఇరుగుపొరుగు అన్న మాటే లేదు. పేరాలో లేనిది లేనట్టే. కాబట్టి డీ.

ఇంతకంటే మంచి విద్యార్థిని నీకు అడవిలో దొరకదు. పదికి పది వేసి పంపు, అత్తకు చూపించాలి.

పుష్పమ్మ


అమ్రాబాద్,
నవంబరు 3

వదినా,

అన్నీ రైట్. పదికి పది.

నీకు ఇక నా పేరాలు అక్కర్లేదు. దుకాణం పుస్తకం చేసుకో. నువ్వు బాగా నేర్చుకున్నావు.

శై.


ఆలేరు,
నవంబరు 12

నా తల్లీ,

నీ చిన్న ఉత్తరం అందిన రోజు పది మార్కులు అత్తకు చూపించి మురిసిపోయాను. రెండో రోజు మళ్లీ తీసి చూస్తే ఎందుకో మనసు కుదుటపడలేదు. రెండు మాటల ఉత్తరం నువ్వు నాకెప్పుడూ రాయలేదు. అయినా అలిగిందేమో, పని ఎక్కువుందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను.

నిన్న మల్లిక ఇంటికి పోయాను. మా సెంటర్ అమ్మాయే, కడుపుతో ఉంది. డాక్టరు మంచం దిగొద్దన్నాడని సరుకులు ఇంటికే మోసుకుపోయాను. సంతకం పెట్టాలి కదా. వెల్లకిలా పడుకునే కాగితం పైకి ఎత్తి పట్టుకుని పెన్ను గీసింది. రాయలేదు. విదిలించి గీసింది. రాయలేదు. "పండుకొని రాస్తే పెన్ను పడది అక్కా, పెన్సిల్ ఉంటే ఇయ్యి" అన్నది. పెన్సిల్ సంతకం చెల్లదమ్మా అని చెప్పబోతుంటే నీ పెన్సిల్ ఉత్తరం గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరిచాను. గుడ్లకూర వాసన పడటం లేదు. జ్వరం. పెన్సిల్. సొరపిందె. అన్నీ నువ్వు రాసినవే, నేను చదివినవే. ఊళ్లో ఏ అమ్మాయి గుమ్మం దాటినా నడక చూసి నెల చెప్పగలదానికి, నేను జడలేసి పెంచిన పిల్ల ఆకు కప్పుకుని ఎదురుగా నిలబడితే "పేరాను బట్టి చెప్పలేం" అని గుర్తు పెట్టాను. పైగా పది మార్కులు అడిగి తీసుకున్నాను. రాత్రంతా ఏడ్చాను. నీ మీద కోపం కూడా వచ్చింది, అబద్ధం చెప్పను. నాకు కూడా చెప్పవా అని. తర్వాత అనుకున్నాను, చెప్పావు కదా, నేనే వినలేదు.

నా జవాబు దిద్దుకో. సీ.

ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెప్పలేదు, మీ అన్నకు చెప్పలేదు. నా రిజిస్టర్‌లో నీ పేరు రాయలేదు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి అమ్రాబాద్ పోతున్నానని ఇంట్లో చెప్పాను. శనివారం బస్సెక్కుతున్నాను. వద్దని రాసినా ఆ ఉత్తరం నాకు అందదు, దార్లో ఉంటాను. అడగను అన్న మాట మీదే ఉంటాను, నువ్వు చెప్పేదాకా ఒక్కటి కూడా అడగను. వచ్చి పక్కన కూర్చుంటాను, అంతే.

వదిన


అమ్రాబాద్,
డిసెంబరు 2

వదినా,

నువ్వు వెళ్లాక గది బోసిపోయింది. బిక్షమ్మ రోజూ "ఇంగ్లీషు నేర్వనీకి వచ్చిన వదిన మళ్ల ఎప్పుడొస్తది?" అని అడుగుతోంది. గేటు దగ్గర వార్డెన్‌తో అదే చెప్పావట కదా, చేతిలో సజ్జరొట్టెల మూట పెట్టుకుని.

నువ్వు వచ్చిన రోజు తలుపు తెరుచుకోగానే నేను కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు అడుగుతుంది, ఎన్నో నెల, డాక్టరేమన్నాడు, ఎందుకు దాచావు అని. నువ్వు మూట దించి, కాళ్లు కడుక్కుని వచ్చి, నా తల దగ్గర కూర్చుని దువ్వెన తీశావు. చిక్కు తీస్తూ ఆ లండన్ ముసలాయన పేరా మొదలుపెట్టావు, సగం మాటలు తప్పు పలుకుతూ. దిద్దుతూ దిద్దుతూ నేనే అంతా చెప్పేశాను. కడుపు నిలవాలని గర్భసంచికి కుట్టు వేశారని, లేస్తే ప్రమాదమన్నారని, రాకేష్‌కు తప్ప ఎవరికీ తెలియదని. నువ్వు "ఊఁ" అన్నావు, జడ అల్లావు. అంతసేపూ నువ్వు వేలు చూపలేదు.

ఉత్తరాలే రాయమన్నది ఎందుకో ఇప్పుడు చెప్తాను. మొదట్లో నిజంగా పరీక్ష కోసమే. తర్వాత మాత్రం ఫోన్‌లో అయితే నా గొంతు నువ్వు పట్టేస్తావని. మళ్లీ పట్టడం లేదేమని నాకే దుఃఖం. మనిషికి తిక్క అంటే ఇదే.

అచ్చంపేట డాక్టరు ఆరో నెల దాటిందని, అంతా సరిగ్గా ఉందని అన్నారు. నా పేరు నీ రిజిస్టర్‌లో రాసుకో. పెన్నుతోనే రాసుకో. అమ్మకు మాత్రం నీ పరీక్ష అయ్యాక చెప్పు, లేకపోతే ఆమె నిన్ను చదవనివ్వదు. గొడుగు దొరికిందని కూడా చెప్పు, తలుపు వెనకే ఉంది.

సూత్రం పరీక్షకు మాత్రమే, వదినా. హాలులో మర్చిపోకు. బయటికి వచ్చాక గుర్తుంచుకోకు.

శైలు


ఆలేరు,
జనవరి 9

శైలూ,

రాసి వచ్చాను. నల్లగొండలో సెంటర్ పడింది. నా పక్క వరుసలన్నీ నాకు కూతురయ్యే వయసు వాళ్లే. ఒకమ్మాయి నన్ను చూసి ఇన్విజిలేటర్ అనుకుని లేచి నిలబడింది.

ఇంగ్లీషు పేరా ఏమి వచ్చిందో చెబితే నువ్వు నమ్మవు. ఏదో ఊళ్లో పాత ఆచారాల గురించి. పిల్ల పుట్టగానే అక్కడి వాళ్లు నాలుక మీద తేనె రాస్తారని, అదే మొదటి ఆహారమని, బలమని, పెద్దలు చెబుతారని రాశారు. ప్రశ్నలన్నీ నీ సూత్రంతో చకచకా పెట్టుకుంటూ పోయాను. ఒక ప్రశ్న దగ్గర ఆగాను. పేరా ప్రకారం పుట్టిన బిడ్డకు మొదట ఇవ్వాల్సింది ఏది? ఏ, తేనె. బీ, చక్కెర నీళ్లు. సీ, తల్లి పాలు. డీ, ఆవు పాలు.

జవాబు ఏ. నాకు తెలుసు. నువ్వు నేర్పింది నాకు బాగా తెలుసు. పెన్ను ఏ అన్న గడి మీద పెట్టాను కూడా. కానీ శైలూ, నేను ఇన్నేళ్లుగా ఇంటింటికీ తిరిగి, బాలింతల దిండ్ల కింద నుంచి తేనె సీసాలు లాక్కున్నదాన్ని. మా వాడకట్టు మైసమ్మ మనవడు, పుట్టగానే తేనె నాకించిన పిల్లాడు, విరేచనాలతో నా చేతుల్లోనే తల వాల్చేశాడు, దవాఖానకు ఎత్తుకుని ఉరికాను. ఆ గడి నల్లగా నింపడానికి నా చేయి రాలేదు. సీ నింపాను.

తెలిసే తప్పు పెట్టాను. ఒక్కటే. తిట్టకు.

అత్తకు నీ సంగతి చెప్పాను. ఒక గడియ ఏడ్చింది, తర్వాత చేతులు కడుక్కుని దేవుడి ముందు దీపం పెట్టింది. "గీ సారి ఎవ్వరికి చెప్పొద్దు" అని నాకే ఆజ్ఞాపించింది.

వదిన


ఆలేరు,
ఫిబ్రవరి 27

శైలూ,

ఫలితాలొచ్చాయి. మన జోన్‌లో చివరి పోస్టు వచ్చిన ఆమెకు నాకంటే ఒక్క మార్కు ఎక్కువ.

ఏ ప్రశ్న అని నువ్వు అడగక్కర్లేదు. తేనె అని పెట్టి ఉంటే మార్కులు సమానమయ్యేవి, వయసులో పెద్దదాన్నని జీపు నాకే వచ్చేది. రెండు రోజులు సెంటర్‌కు పోలేదు. ఊళ్లోవాళ్లు వచ్చి "పోనీలే పుష్పమ్మా, నీ వయసుకు గదే ఎక్కువ" అంటున్నారు. నీకు ఆ పలకరింపులు ఎట్లా ఉన్నాయో నాకిప్పుడు తెలిసింది. నువ్వు నన్ను ఓదార్చకు. ఈ సంగతి మన ఉత్తరాల్లోకి రానివ్వకు.

నీకు నెలలు దగ్గర పడ్డాయి. వారంలో వస్తాను.

వదిన


అచ్చంపేట,
మార్చి 4

వదినా,

రాకేష్ ఫోన్ చేసి చెప్పే ఉంటాడు. నువ్వు బస్సెక్కే ముందు ఈ ఉత్తరం అందుతుందో లేదో. అయినా ఇది ఫోన్‌లో చెప్పాలని లేదు.

ఆడపిల్ల. కొంచెం ముందే వచ్చింది, చిన్నగా ఉంది, కానీ గొంతు మాత్రం మీ అత్తది. నర్సు బట్టలో చుట్టి నా పక్కన పెట్టిందో లేదో, బిక్షమ్మ వచ్చింది. పాపం, నెలల తరబడి నా మంచం కింద ఊడ్చిన మనిషి. కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసింది. నల్లమల తేనె, చెట్టు మీద నుంచి తన తమ్ముడు తెచ్చిందట, ఈ పిల్ల కోసమే దాచిందట. వేలు ముంచి, "జర నోరు తెరువు బిడ్డా" అని వంగింది.

నేను ఆమె చేయి పట్టుకున్నాను. చిన్నబుచ్చుకుంది. "గింత మంచి తేనె మళ్ల దొరకది టీచరమ్మా" అన్నది.

"మంచిదే బిక్షమ్మా. కానీ గీ తేనె వద్దని చెప్పనీకి మా వదిన సూపర్‌వైజర్ నౌకరీ వదులుకున్నది. ఇప్పుడు నేనే పిల్ల నాలికకు రాస్తే ఆమెకు నా ముఖం ఎట్ల చూపియ్యాలె?" అన్నాను. ఆమెకు సగం అర్థమైంది. సీసా మూత పెట్టి కిటికీలో పెట్టింది. పిల్ల నా దగ్గర పాలు తాగింది, నీ సీ జవాబు.

నువ్వు ఓదార్చవద్దన్నావు. ఓదార్చడం లేదు, జరిగింది చెప్తున్నాను.

నువ్వు వచ్చి దీని మణికట్టు చూడు, దవడ చూడు, తక్కెడలో తూచు, నా మాట ఏదీ నమ్మకు. వేలు కూడా చూపించు, ఇప్పుడు భయం లేదు. నేను లేచి కూర్చుని రాస్తున్నాను. చూడు, పెన్ను.

శైలు